నాలుగో అధ్యాయానికి సాక్షి

మా బావ క్రిమినల్ లా పాఠాలు చెప్పేవాడు. ఇంట్లో కోడిని కోస్తుంటే చూడలేక వీధిలోకి, అక్కడిదాకా దాని అరుపు వినబడితే పక్కవీధిలోకి వెళ్ళిపోయే మనిషి. అదే మనిషి సాయంత్రం కాగానే నల్లబల్ల ముందు నిలబడి మనుషుల్ని ఎన్ని విధాలుగా చంపొచ్చో, ఏ విధానికి ఏ సెక్షనో పెళ్ళి భోజనం వడ్డించినట్టు వరసగా వడ్డించేవాడు. మా అక్కకి ఇది పెళ్ళయిన కొత్తలో భయం, తర్వాత అలవాటు, ఆ తర్వాత వినోదం. "ఇవాళ ఎందర్ని చంపొచ్చారు? కాళ్ళు కడుక్కోండి, అన్నం పెడతాను" అనేది.

గుంటూరులో ఆయన పనిచేసింది సాయంకాలపు లా కాలేజీ. విద్యార్థులంటే అప్పుడే మీసాలొచ్చిన కుర్రాళ్ళు కారు. బ్యాంకు గుమాస్తాలు, పొగాకు కంపెనీ సూపర్‌వైజర్లు, తాలూకాఫీసు ఉద్యోగులు, మనవల్ని ఎత్తుకున్న తాతలు ఇద్దరు ముగ్గురు. పగలంతా ఉద్యోగం చేసి వచ్చి ఫ్యాను కింద కూర్చోగానే ఇండియన్ పీనల్ కోడ్ వాళ్ళకి జోలపాటలా పనిచేసేది. వాళ్ళని మేలుకొలపడానికి మా బావ కనిపెట్టిన ఉపాయం నేను.

నా సంగతి కూడా చెప్పాలి. ఎనిమిదో తరగతి మధ్యలో నేను బడి మానేశాను. కాదు, బడే వీణ్ణి మానేసింది అనేవాడు మా మాస్టారు. ఎనభైల్లో బ్రాడీపేటలో నాకు మైకుసెట్టు అద్దెకిచ్చే షాపు ఉండేది. పెళ్ళిళ్ళకీ, ఎన్నికలకీ, పెద్దకర్మలకీ అదే గొట్టం, అదే నేను. "హలో మైక్ టెస్టింగ్" అన్న ముక్కతో నా ఇంగ్లీషు చదువు ముగిసింది. అలాంటివాణ్ణి మా బావ లా కాలేజీకి తీసుకుపోయి క్లాసు మధ్యలో నిలబెట్టేవాడు.

"ఇతను నా బామ్మర్ది. ఈ క్షణం నుంచీ ముద్దాయి."

నేను వినయంగా నమస్కారం పెట్టి, ముందు బల్ల మీద కునుకుతున్న బ్యాంకు గుమాస్తా జేబులోని పెన్ను మీద చెయ్యి వేసేవాణ్ణి.

"ఆగు" అనేవాడు బావ. "చూడండి. చెయ్యి పడింది. దొంగతనం అయిందా?"

"కాలేదు సార్" అనేవాళ్ళు కొందరు, నిద్రలోంచే.

"కొద్దిగా పైకి లాగరా." నేను పెన్నుని గోరంత లాగేవాణ్ణి. "అయిపోయింది. జేబు దాటక్కర్లేదు, గది దాటక్కర్లేదు, గుంటూరు దాటక్కర్లేదు. కాజేద్దామన్న ఉద్దేశంతో వస్తువు కదిలిస్తే చాలు. మూడువందల డెబ్బై తొమ్మిది."

అప్పటికి క్లాసు క్లాసంతా మేలుకుని, ఎవరి జేబులు వాళ్ళు పట్టుకుని కూర్చునేది. పాఠం అయ్యాక ఒక్కోసారి ఎవరిదో పెన్ను నా దగ్గరే ఉండిపోయేది. "ఉద్దేశం లేదు బావా, మరిచిపోయాను" అంటే, "ఆ ముక్క నువ్వు బాగా నేర్చుకున్నావురా" అనేవాడు.

ఇలా నవ్వులతో నడిచిపోయే ఉద్యోగమే గాని, మా బావకి గొంతులో ముల్లు ఒకటుండేది. కాలేజీలో రీడర్ పోస్టు ఖాళీ అయింది. దానికి డాక్టరేట్ కావాలి. ఆయన థీసిస్ మొదలెట్టినప్పుడు కడుపులో ఉన్న మా మేనకోడలు అప్పటికి ఎక్కాలు అప్పజెబుతోంది. యూనివర్సిటీవాళ్ళు గడువు మీద గడువిచ్చి, ఇదే ఆఖరని తేల్చేశారు. ఈసారి తప్పితే పోస్టు ఆయన దగ్గరే చదువుకున్న కుర్రాడికి పోతుంది. అంటే నిన్న ఈయన హాజరు వేసినవాడు రేపట్నించీ ఈయన సెలవు చీటీ మీద సంతకం పెడతాడు. ఈ సంగతి తల్చుకున్నప్పుడల్లా మా బావ అన్నంలో పెరుగు పోసుకోవడం మరిచిపోయి మంచినీళ్ళు పోసుకునేవాడు.

"ఈయన పరిశోధన నేరాల మీద, శిక్ష నా మీద" అనేది అక్క, ఆ కంచం తీసి ఇంకో కంచం పెడుతూ.

ఆ థీసిస్ రాసింది దొంగతనం గురించి. అందులో గొడవంతా నాలుగో అధ్యాయం. మా బావ చిన్నప్పుడు అద్దంకి అవతల మేనమామ ఊళ్ళో ఒకటి చూశాడట. మిరపకాయలు కోసి కళ్ళంలో ఆరబోస్తారు కదా, ఆ రోజుల్లో ఆ ఊళ్ళ మీదుగా బస్సులో వెళ్తే కండక్టరు టిక్కెట్టుకి ముందు తుమ్ము ఇచ్చేవాడు. పొలాలన్నీ ఎర్రటి తివాచీలు. ఆ కళ్ళాల్లో ఎవడైనా కాయలు తీస్తూ దొరికితే కొట్టరు. పోలీసుస్టేషనుకి పంపరు. అదే కళ్ళంలో కూర్చోబెట్టి పొద్దువాలేదాకా తాలు ఏరిస్తారు. తాలు అంటే రంగు రాక తెల్లబడిపోయిన కాయ. దాన్ని ఎర్రకాయలోంచి వేరు చెయ్యాలి. పొద్దువాలాక ఆ కళ్ళం ఆసామి ఇంట్లోనే వాడికి భోజనం పెట్టి పంపిస్తారు. అంతే. మూడువందల డెబ్బై తొమ్మిది కన్నా ఇది పాత చట్టం, మెరుగైన చట్టం అని మా బావ వాదన.

వాదన బాగానే ఉంది. సాక్షి లేడు. ఒక్కడంటే ఒక్కడు లేడు.

నా మోటారుసైకిలు వెనక ఆయన్ని కూర్చోబెట్టుకుని, ఆయన ఒళ్ళో కాయితాల పెట్టె, ఆ పెట్టె మీద ఆయన గడ్డం, ఆ ఊళ్ళన్నీ తిప్పాను. ఏ ఊళ్ళో దిగి "మీ కళ్ళాల్లో దొంగలు దొరికారా ఎప్పుడన్నా" అని అడిగినా ఒకటే మాట, ఎవరూ లేరండీ. ఒక ఊళ్ళో మమ్మల్ని సీఐడీలనుకుని మజ్జిగిచ్చారు. ఇంకో ఊళ్ళో నాకు పిల్లని చూడ్డానికి వచ్చామనుకుని కాఫీ ఇచ్చారు. ఆ రెండో ఊరికి మళ్ళీ వెళ్దామని నేను చాలాసార్లు అన్నాను.

యూనివర్సిటీలో మా బావకి గైడుగా ఉన్న పెద్దాయన మంచివాడే. "ఈ అధ్యాయం పీకెయ్యండి. మిగతాదంతా హైకోర్టు తీర్పులే, ఎవరూ నోరెత్తరు" అన్నాడట. మా బావ వినలేదు. ఇంటికొచ్చి నాతో అన్నాడు, "ఒరేయ్, అందులో నేను కళ్ళతో చూసి రాసింది ఆ ఒక్కటే. తక్కినదంతా ఎవరో రాసింది చదివి రాసిందే. దాన్ని పీకేసి దేనికిరా డాక్టరేట్."

సరే, పీకలేదు. అలాగే పంపాడు. వైవా ముందురోజు ఉత్తరాది నుంచి ఎగ్జామినరు దిగాడు.

పొట్టి మనిషి. తెల్లటి గుడ్డ టోపీ, సన్నచారల కోటు, ఆ కోటు జేబులోంచి తొంగిచూసే దుప్పటంత జేబురుమాలు. క్రిమినల్ లాలో పెద్ద పేరు. గెస్టుహౌసులో కుర్చీలో కూర్చుని ఆయన ఇంగ్లీషులో అన్నది నాకు మూడోవంతు అర్థమైంది, మిగతా రెండు వంతులు మా బావ ముఖం చూస్తే అర్థమైంది. నాలుగో అధ్యాయం కథలా ఉంది, చాలా మంచి కథ, కానీ నేను కథలకి మార్కులు వెయ్యడానికి రాలేదు, ఇవాళంతా ఖాళీగా ఉన్నాను, ఒక్క సాక్షిని చూపించండి. ఇదీ సారాంశం.

టాక్సీ మాట్లాడాను. మార్టూరు దాటేదాకా రాళ్ళ లారీల దుమ్ము, దాటాక పత్తి ట్రాక్టర్ల దూది, ఆపైన మిరపఘాటు. మా ఎగ్జామినరు మూడూ పీల్చి, మూడింటికీ మూడు రకాలుగా తుమ్మి, ప్రతి తుమ్ము తర్వాతా "సారీ" అన్నాడు. నేను డ్రైవరు పక్కన కూర్చుని, ఆయన అన్న ప్రతి సారీకీ "నో మెన్షన్" అంటూ వచ్చాను. మా బావ వెనకనుంచి నా వీపు మీద గిల్లాడు.

మొదటి ఊళ్ళో టీ కొట్టు దగ్గర పెద్దమనుషులు ఉన్నారు. మా బావ చేతులు కట్టుకుని అడిగాడు.

"మా ఊళ్ళో దొంగలా?" అన్నాడొకాయన. "తాళంకప్పలు అమ్మేవాడు పోయినేడు మా ఊరొచ్చి ఏడ్చిపోయాడండీ. బోణీ కూడా కాలేదు."

రెండో ఊళ్ళో, "మేం కళ్ళంలో మంచం వేసుకునేది గాలి కోసమండీ, కాపలాకని ఎవరన్నారు" అన్నారు.

మూడో ఊళ్ళో అడగకుండానే, "ఎవరూ లేరండీ" అన్నారు. మా బావ మొహం వాళ్ళకి గుర్తుంది.

ఎగ్జామినరు ఇదంతా విని, మా బావ భుజం తట్టి, "మీ ప్రాంతం చాలా నిజాయితీ గల ప్రాంతం. అందువల్ల మీ అధ్యాయం దెబ్బతింది" అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడంటే, మా బావ థాంక్యూ సార్ అనేశాడు. అనేశాక మొహం వాడిపోయింది. ఇక తిరిగి పోదామన్నాడు ఎగ్జామినరు.

తిరుగుదారిలో టాక్సీకి దాహం వేసింది. రేడియేటర్లోంచి పొగలు. ఊరికి దూరంగా రోడ్డు పక్కన పెద్ద కళ్ళం కనబడితే అక్కడ ఆపి, డ్రైవరూ నేనూ నీళ్ళకి వెళ్ళాం. మా బావ కారుకి ఆనుకుని, ఉరిశిక్ష పడ్డవాడిలా ఆకాశం చూస్తున్నాడు. ఎగ్జామినరు కాళ్ళు సాగదీసుకుంటానని కళ్ళంలోకి నడిచాడు.

ఇక్కడ ఒక సంగతి. మిరప కళ్ళంలోకి ఎవరైనా వెళ్ళొచ్చు. ఒక కాయ తీసుకోవచ్చు, వంచి చూడొచ్చు, చెవి దగ్గర ఊపి గింజ మోత వినొచ్చు, వాసన చూసి తుమ్మొచ్చు. కానీ చూశాక ఆ కాయని అక్కడే పడేసి, ఆసామితో ఒక మాట మాట్లాడి రావాలి. ఆ దారిన పోయే బేరగాళ్ళందరూ చేసేది అదే. మా ఎగ్జామినరు ఒక కాయ తీశాడు, చూశాడు, ఆ ఎరుపుకి ముచ్చటపడ్డాడు. దుప్పటంత జేబురుమాలు పరిచాడు. రెండు గుప్పిళ్ళు అందులో వేశాడు. ముడి వేసి కోటుజేబులో పెట్టుకున్నాడు. వాళ్ళావిడకి చూపిద్దామని తర్వాత చెప్పాడు. ఇంత ఎరుపు ఉంటుందంటే ఆవిడ నమ్మదట.

"ఏమయ్యా, టోపీ. ఆగు."

నేను నీళ్ళ బిందెతో తిరిగొచ్చేసరికి ఆ కేక వినబడింది. తాలు ఏరుతున్న ఆడకూలీల మధ్యలోంచి ఒక ముసలావిడ లేచింది. ఆ కళ్ళం ఆవిడదే. చేతిలో చేట, నెత్తిన తుండుగుడ్డ. తిన్నగా వచ్చి ఎగ్జామినరుకీ టాక్సీకీ మధ్యలో నిలబడింది.

"జేబులో ఏంటది?"

ఎగ్జామినరు చిరునవ్వు నవ్వి, "వెరీ నైస్, వెరీ నైస్" అన్నాడు.

"నైసేలే. జేబులో ఏంటంటన్నా."

మా బావ పరుగెత్తుకొచ్చాడు. "పెద్దమ్మా, పెద్దమ్మా, ఆయన దొంగ కాదు, పెద్ద ప్రొఫెసరు."

"దొంగని నేనన్నానా? జేబులో ఏంటని అడిగాను. దొంగన్నది నువ్వే."

కూలీలు కిసుక్కున నవ్వారు. నేను బిందె కింద పెట్టి పక్కనే చతికిలబడ్డాను. ఎందుకంటే మా బావ అంతమందికి లాయరు చదువు చెప్పి, తను మాత్రం కోర్టులో ఒక్క కేసూ వాదించలేదు. ఇది మొదటిది. నేను వదులుకోదలుచుకోలేదు.

"ఉద్దేశం చూడాలి పెద్దమ్మా" అని మొదలెట్టాడు, క్లాసులో గొంతుతో. "కాజేద్దామన్న దురుద్దేశం ఆయనకి లేదు."

"మరి జేబులో పెట్టింది ఆరబెట్టడానికా?"

"పోనీ, రెండు గుప్పిళ్ళు. ఇంత స్వల్పమైనదానికి మామూలు మనిషెవరూ ఫిర్యాదు చెయ్యరని చట్టమే అంటోంది. తొంభై అయిదో సెక్షన్."

"రెండు గుప్పిళ్ళే నాయనా. ఈ రోడ్డున పోయే బస్సు బస్సుకీ ఒకడు దిగి రెండు గుప్పిళ్ళు తీశాడనుకో, కళ్ళంలో ఇక మిగిలేది నేనూ ఈ చేటా."

"ఆయనకి మన పద్ధతి తెలియదు."

"తెలీదంటే మీ కోర్టుల్లో ఒదిలేస్తారా?"

చట్టం తెలియదనడం సమాధానం కాదు, వివరించుము అని ఏటా పరీక్షలో ఇచ్చేది మా బావే.

"ఇంతకీ నీకేమవుతాడు?" అందావిడ.

"నాకు... నాకు మార్కులు వేసేవాడు."

"అయితే నీ మాట చెల్లదు, పక్కకి జరుగు." ఆవిడ నావైపు తిరిగింది. "నువ్వు చెప్పబ్బాయ్. నీకూ మార్కులేస్తాడా?"

"నాకు మార్కులు ఎవరూ వెయ్యలేదు పెద్దమ్మా, బళ్ళో కూడా."

"ఆయన తీశాడా, లేదా?"

మా బావ కళ్ళతో బతిమాలాడు. ముసలావిడ చేట కొద్దిగా ఎత్తింది.

"తీశాడు పెద్దమ్మా" అన్నాను. "ముడి కూడా బాగా వేశాడు."

ఆవిడ కూలీలవైపు తల తిప్పి ఒక్క మాట అంది. "కూర్చోబెట్టండి."

ఆ మాట విని మా బావ మెడ గిర్రున తిరిగింది. ఇన్నేళ్ళుగా ఊరూరా తిరిగి అడుక్కున్నా దొరకని మాట అది. ఎవరి నోట్లోంచీ రాని మాట. ఇవాళ తనకి డాక్టరేట్ ఇవ్వాల్సిన మనిషి నెత్తిన పడింది. ఆయన ముఖం సగం పెళ్ళిపందిరి, సగం చావు ఇల్లు.

"ఏమంటోంది?" అని అడిగాడు ఎగ్జామినరు, ఇంకా నవ్వుతూనే.

నేను బావ చొక్కా లాగి చెవిలో అన్నాను. "భోజనానికి పిలుస్తోందని చెప్పు. నేను డ్రైవర్ని తెస్తా. ఎక్కించుకుని పోదాం. రేపు నీ వైవా బావా, ఆలోచించుకో."

"నిజం చెప్తే ఏమవుతుంది?"

"కోపమొచ్చి తప్పించేస్తాడు. నీ శిష్యుడు నీ సెలవు చీటీల మీద సంతకాలు పెడతాడు."

మా బావ ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. తర్వాత కళ్ళు తెరిచి, నిలువునా నిటారుగా నిలబడి, చేతులు కట్టుకుని, ఎగ్జామినరుకి ఉన్నదున్నట్టు చెప్పాడు. జేబులోది దొంగసొత్తు. ఈవిడ ఆసామి. మీరు పట్టుబడ్డారు. పొద్దువాలేదాకా ఇక్కడ కూర్చుని తాలు ఏరాలి, తర్వాత భోజనం పెడతారు.

ఎగ్జామినరు నవ్వు కొద్దికొద్దిగా ఆరిపోయింది. ముసలావిణ్ణి చూశాడు, చేటని చూశాడు, టాక్సీని చూశాడు, దానికీ తనకీ మధ్య కొంగు బిగించి నిలబడ్డ ఆడవాళ్ళని చూశాడు. జేబులోంచి మూట తీసి, దాన్ని కూడా చూశాడు.

"నాలుగో అధ్యాయమా?" అన్నాడు.

"నాలుగో అధ్యాయమే సార్" అన్నాడు మా బావ.

ఎగ్జామినరు మూటని ముసలావిడ చేటలో పెట్టాడు. కోటు విప్పి నా చేతికిచ్చాడు. బూట్లు విప్పాడు. టోపీ కూడా తియ్యబోతుంటే ముసలావిడ, "అది ఉంచుకోమను, ఎండ" అంది. ఆయన వెళ్ళి ఆడవాళ్ళ వరసలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నం నేను నవ్విన నవ్వుకి నా పక్కటెముకలు వారం రోజులు నా మాట వినలేదు.

మొదట ఆయన తాలుకాయలన్నీ జాగ్రత్తగా ఏరి మంచికాయల్లో కలిపాడు. "ఈయన మనకి తీర్పులు చెప్పేవాళ్ళకి పాఠాలు చెప్తాడంటగా" అంది ఒకావిడ. "అందుకే కేసులు ఇట్టా ఉన్నాయి" అంది ఇంకొకావిడ. ముసలావిడ వాటిని మళ్ళీ కుమ్మరించి, మొదట్నించీ ఏరమంది. సగం ఎరుపు, సగం తెలుపు ఉన్న కాయ ఒకటి దొరికితే ఆయన పైకెత్తి పట్టుకుని, దీనికి సంశయలాభం ఇవ్వొచ్చా అని అడిగించాడు. మా బావ తర్జుమా చేశాడు.

"అనుమానం వచ్చిందంటే తాల్లోకే" అంది ముసలావిడ.

ఎగ్జామినరు ఆ తీర్పు విని ఎంత మురిసిపోయాడంటే, మా బావని ఎదురుగా కూర్చోమని ప్రశ్నలు మొదలెట్టాడు. దొంగని ఇలా నిర్బంధిస్తే ఆసామి మీద మూడువందల నలభై రెండు పడదా? బలవంతంగా పని చేయిస్తే మూడువందల డెబ్బై నాలుగు మాటేమిటి? ఆయన ఏరుతూ అడుగుతాడు, మా బావ ఏరుతూ చెప్తాడు, మధ్య మధ్య ఇద్దరూ కలిసి తుమ్ముతారు. పైన ఎండ, కింద మిరపకాయలు, మధ్యలో సెక్షన్లు. ఏదో హైకోర్టు తీర్పు దగ్గర ఇద్దరికీ పట్టుదల వచ్చి ఏరడం ఆపేస్తే, "నోటితో చేస్తారా, చేత్తో చేస్తారా" అని ముసలావిడ చేట మోగించింది. మా బావకి శిక్ష ఏమీ లేదు, ఆయన ఊరికే ఏరుతున్నాడు. ఆ సంగతి ఆయనకి పొద్దువాలేదాకా గుర్తురాలేదు.

"ఈ దొంగ చెయ్యి కుదిరింది పెద్దమ్మా, రేపు కూడా దొంగతనానికి రమ్మను" అన్నారు కూలీలు.

అంతా బాగానే జరిగేది గాని, ఆయన అలవాటుగా కన్ను నులుముకున్నాడు. ఆ తర్వాతి సంగతులు ఆయన మాతృభాషలో జరిగాయి. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, తర్జుమా ఎవరూ అడగలేదు. ముసలావిడే పరుగెత్తి చల్లటి మజ్జిగ తెచ్చి ఆయన తల పట్టుకుని కళ్ళు కడిగింది. "పిల్లాడికన్నా అన్యాయంగా ఉన్నాడు" అని తిట్టింది.

పొద్దువాలింది. ఊళ్ళో ఆవిడ ఇంటి వసారాలో పీటలు వేశారు. పప్పు, గోంగూర, నెయ్యి. మంటలు లేచే వేళ్ళతో ఆయన వేడన్నం ఎలా కలిపాడో ఆయనకే తెలియాలి. స్పూను అడిగాడు. ఆ ఇంట్లో స్పూను లేదు. కలిపాడు, తిన్నాడు, మారు వడ్డించుకున్నాడు. ఆవిడ ఆయన విస్తరి ముందే కూర్చుని, ఇందాకటి చేటతోనే విసనకర్రలా విసురుతోంది.

చేతులు కడుక్కున్నాక ఎగ్జామినరు కలం తీశాడు. మూడు వేళ్ళకీ పట్టు చిక్కక కలం కింద పడింది. మా బావ తీసి ఇచ్చాడు. "ఈవిణ్ణి అడగండి. ఈ ఏడు మీ కళ్ళంలో ఎవరైనా దొంగ దొరికాడా అని. నేను రాసుకుంటాను."

మా బావ అడిగాడు.

ఆవిడ ఎగ్జామినరు వాచిన కళ్ళలోకి సూటిగా చూసింది. రెప్ప కూడా వెయ్యలేదు.

"ఎవరూ లేరయ్యా" అంది. "మా కళ్ళంలో దొంగలేంటి?"

"పెద్దమ్మా, ఇందాక" అని మా బావ అనబోయాడు.

"ఇందాక ఏంటి? చుట్టాలొచ్చారు, అన్నం తిన్నారు." తర్వాత గొంతు తగ్గించి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు అంది, "అన్నం పెట్టినాక ఆ మాట ఎత్తకూడదు నాయనా. ఎత్తితే ఆ మనిషి మళ్ళీ ఈ ఊరెట్టా వస్తాడు?"

మా బావ వసారా గోడకి చేరబడిపోయాడు. ఇన్నేళ్ళూ ఊరూరా "ఎవరూ లేరండీ" అన్నది అబద్ధమో నిజమో తేలక చచ్చాడు గదా, అదీ పద్ధతిలో భాగమేనన్నమాట. శిక్ష ఆఖర్న తుడిచేస్తారు. ఆయన అధ్యాయంలో సగమే ఉంది. ఇప్పుడు రెండో సగం దొరికింది, దాన్ని రాయడానికి మాత్రం సాక్షి ఉండడు. నేను కూడా అందుకే ఊరి పేరు చెప్పడంలేదు, ఆ భోజనం నేనూ తిన్నాను.

ఇదంతా మా బావ తర్జుమా చేశాడు. ఎగ్జామినరు కలం మూత పెట్టేశాడు. మజ్జిగ గిన్నె ఒకటి ఇప్పించుకుని, రెండు చేతులూ అందులో ముంచుకుని గుంటూరు దాకా అలాగే కూర్చున్నాడు. గతుకు వచ్చినప్పుడల్లా నేను వెనక్కి తిరిగి, "మజ్జిగ, మజ్జిగ" అని హెచ్చరిస్తూ వచ్చాను. దారంతా ఆయన మా బావ అధ్యాయం గురించి మంచీ అనలేదు, చెడ్డా అనలేదు. ఇంటికొచ్చి జరిగింది చెబితే అక్క పొట్టపట్టుకుని నవ్వి, ఆ వెంటనే భయపడి, మళ్ళీ నవ్వింది.

మర్నాడు వైవా. నేనూ వెళ్ళి ఆఖరి వరసలో కూర్చున్నాను. డీను, గైడు, లా చదువుకున్న పెద్దలు, రీడర్ పోస్టు కోసం గుటకలు మింగుతున్న ఆ శిష్యుడు, అందరూ ఉన్నారు. ఎగ్జామినరు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వచ్చాడు. వేళ్ళు వంకాయల్లా ఉన్నాయి. మా బావ బల్ల ముందు నిలబడ్డాడు. ఆయన ముఖం చూస్తే నాకు మైకు పెట్టి ధైర్యం చెబుదామనిపించింది.

"నా ప్రశ్నలు అయిపోయాయి" అన్నాడు ఎగ్జామినరు. గదిలో అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "ఒక్క సవరణ. నాలుగో అధ్యాయంలో దీన్ని 'నామమాత్రపు శిక్ష' అన్నారు. ఆ నామమాత్రపు అన్న మాట కొట్టెయ్యాలి."

"కొట్టేస్తాను సార్" అన్నాడు మా బావ.

డీను ముందుకి వంగాడు. "కానీ ఆ అధ్యాయానికి సాక్ష్యం లేదని మీరే రాశారు కదండీ."

"ఇప్పుడు ఉంది. నేను తృప్తి పడ్డాను."

"ఎవరి సాక్ష్యం?"

"పేరు చెప్పడానికి వీల్లేదు."

డీను ఆయన చేతులవైపు చూశాడు. "మీ వేళ్ళకేమైంది సార్? నిన్న ఎక్కడికైనా వెళ్ళారా?"

ఎగ్జామినరు నల్లద్దాలు సర్దుకున్నాడు. ముందు మా బావని చూశాడు, తర్వాత ఆఖరి వరసలో నన్ను.

"ఎక్కడికీ లేదు" అన్నాడు. "చుట్టాలింట్లో భోజనం చేశాను. ఏమీ జరగలేదు."

మా బావ నవ్వు ఆపుకోలేక బల్ల మీది మంచినీళ్ళ గ్లాసు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ గ్లాసు వెనక నిలబడే డాక్టరేట్ పుచ్చుకున్నాడు.